అత్త పెట్టని సంతకం

మా అత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను అనకాపల్లి బస్టాండు ఎదురుగా ఒక టిఫిన్ సెంటర్లో నిలబడి, ఆ యజమానికి అగ్నిప్రమాదాల పాలసీ గురించి చెబుతున్నాను. ఆయన దోసెలు తిరగేస్తూ వినీ విననట్టు వింటున్నాడు. ఫోన్ చేసింది నూకరత్నం. అత్త కొట్లో చిరుగులు కుట్టి, గుండీలు వేసి, వచ్చిన బట్టలన్నీ బాగుచేసే మనిషి.

"బాబూ, అమ్మ లెగలేదు. టీ అట్టుకెల్లి పిలిత్తే పలకలేదు. డాక్టరుగారొచ్చి సూసేరు. నిద్దట్లోనే అయిపోయిందన్నారు" అంది.

నిజం దాచడం ఎందుకు, నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పది రోజుల కిందట ఆవిడ చేతిలో ఒక ఫారం పెట్టి, ఇక్కడొక్క సంతకం చాలు, నెలాఖరులోగా ఇది వెళ్లకపోతే నీ కొట్టుండదు అని చెప్పి వచ్చాను. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి తోసి "సూత్తాన్లే అల్లుడూ" అంది. చూసిన చూడడం ఇదీ. నేను చెప్పిన తేదీకి ఏ పనీ చేయని మనిషి, పోవడం కూడా తనకి కుదిరిన రోజున పోయిందని ఆ దోసెల పొగలో నిలబడి పళ్లు కొరుక్కున్నాను. ఏడుపు ఆటో ఎక్కాక వచ్చింది.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. మనుషుల పాలసీలు కాదు, కొట్లకీ గొడౌన్లకీ వాటిలో ఉన్న సరుక్కీ పాలసీలు చేస్తాను. బెల్లం వ్యాపారుల దగ్గర్నుంచి సైకిల్ షాపుల దాకా ఈ ఊళ్లో నా చేతి మీదుగా కాయితం తీసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరిలోకీ చిన్న కొట్టు మా అత్తది. వాళ్లందరూ కలిసి నా ప్రాణం ఎంత తీశారో ఆవిడ ఒక్కతే అంతకంటే ఎక్కువ తీసింది.

ఆవిడ మా నాన్నకి చెల్లెలు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. మామయ్య పోయినప్పుడు ఆయన బట్టలు చాకలికి ఇచ్చేయమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోవడం మనలో లేదు కదా. అత్త వినలేదు. అన్నీ ఉతికి, మూడు రోజులు ఎండలో వేసి, ఇస్త్రీ చేయించి, వీధి అరుగు మీద పరిచి, కావలసినవాళ్లు పట్టుకెళ్లండి అంది. ఒక్కరూ ముట్టుకోలేదు. వారం చూసింది. తరవాత ఒక అట్టముక్క మీద చొక్కాకింత, పంచెకింత అని ధర రాసి పెట్టింది. రెండు రోజుల్లో అరుగు ఖాళీ అయింది.

"ఊరికే ఇత్తే సిగ్గుపడతారురా. ధరెట్టేవనుకో, బేరమాడతారు. బేరమాడినోడు తలెత్తుకునెల్తాడు" అని నాకు చెప్పింది. ఆ మాట మీదే కొట్టు నడిచింది. ఊళ్లో జనం వాడి వదిలేసినవి తెచ్చి ఇచ్చేవారు, ఆవిడ ఉతికి, తోమి, కుట్టించి అమ్మేది. వచ్చిన దాంతో ముసలివాళ్లకి కళ్లజోళ్లు కొనిపెట్టేది. అలా చూపు వచ్చిన ముసలాళ్లు నేరుగా కొట్టుకి వచ్చి, ఈ చీర అంచు చిరిగింది, ధర తగ్గించు అని ఆవిడతోనే బేరమాడేవారు.

కొట్టు బెల్లం మార్కెట్ వెనక సందులో, ఒకప్పటి బెల్లం గొడౌన్లో. బెల్లం దిమ్మలు దించి ఎన్నేళ్లయినా ఆ నేలకి బెల్లం వదల్లేదు. ఎండాకాలం చెప్పులు అతుక్కుంటాయి. ఎన్నిసార్లు కడిగినా చీమలు తమ దారిన తాము వరస కట్టి పోతుంటాయి. అక్కడ కొన్న చీరకి రెండు ఉతుకుల దాకా బెల్లం వాసన పోదు. మార్కెట్ రోజున బెల్లం అమ్ముకున్న రైతులు తిరుగు దారిలో అత్త దగ్గర పిల్లలకి స్కూలు బ్యాగో, పొలానికి టిఫిన్ క్యారియరో కొనుక్కుని మాకవరపాలెం బస్సెక్కేవారు. రాంబిల్లి వైపు నుంచి చేపలమ్మే ఆడవాళ్లు గంప ఖాళీ అయ్యాక వచ్చి, నీచు వాసన తగులుతుందని బట్టలకి దూరంగా నిలబడి, అదివ్వు ఇదివ్వు అని చేత్తో చూపించేవారు.

అమ్మకం అంటే మా అత్తకి ఏమిటో నాకు ఆఖరిదాకా అర్థం కాలేదు. బేరం కుదిరి, మనిషి చొక్కా చంకలో పెట్టుకునే సమయానికి, "ఇది పోయినాయన సొక్కా. మంచాయనే. పర్వాలేదనుకుంటే అట్టుకెల్లు" అనేది. సగంమంది అక్కడే వదిలేసి పోయేవారు. ఎందుకు చెబుతావు, ఎవడడిగాడు నిన్ను అని నేను తల బాదుకునేవాణ్ని. "రేపెవులో సెప్తే ఆడికెలాగుంటాది?" అనేది. వచ్చిన ప్రతి చొక్కా జేబూ, ప్రతి ప్యాంటు జేబూ తడిమేది. దొరికిన తాళంచెవులన్నీ ఒక మేకుకి తగిలించేది. ఎవరి తాళాలో, ఏ తలుపులవో తెలియదు. పారెయ్యి అంటే, ఆ తలుపు ఎదురుగా ఎవరైనా నిలబడి ఉంటే ఎలా అనేది. ఆ మేకు ఇప్పటికీ ఉంది, తాళాలూ ఉన్నాయి. ఒక్కరూ వచ్చి అడిగింది లేదు.

ఇలాంటి మనిషికి పాలసీ చేద్దామనుకోవడం నాదే బుద్ధి తక్కువ. నాలుగేళ్ల కిందట పక్క సందులో ఒక కొట్టు కాలిపోతే భయపడి, ప్రపోజల్ ఫారం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఫారంలో వ్యాపారం ఏమిటని ఒక గడి ఉంటుంది. బట్టల కొట్టా, పాత్రల కొట్టా, పాత ఇనుమా? బ్రాంచిలో ఆఫీసరు ఏదో ఒకటే రాయమన్నాడు. అత్త అన్నీ చదివి, "మనుసులు వాడి ఒగ్గేసినవి అని రాయి" అంది. అలాగే రాశాను. ఫారం తిరిగొచ్చింది. సరుకు కొన్న బిల్లులు కావాలన్నారు. ఊరికే ఇచ్చినవాటికి బిల్లులెక్కడివి? అమ్మే ధరని బట్టి విలువ వేద్దామని వాళ్లని ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒప్పించి వస్తే, అత్త తన సరుక్కి వేసిన విలువ చూసి నాకు మతి పోయింది. అంత తక్కువ వేస్తే రేపు నష్టం జరిగితే ఏమొస్తుంది అన్నాను. అంతకంటే ఎక్కువ ధర తను ఎవరికీ చెప్పలేదంది. దాన్ని పెంచడానికి ఇంకో నెల.

చివరికి అన్నీ కుదిరి, మిగిలిన గడులు నేనే చకచకా నింపేశాను. వాటిలో ఒకటి, కొట్టు లోపల నిప్పు వాడతారా, వంట చేస్తారా అని. అన్ని కొట్లకీ రాసినట్టే "లేదు" అని రాశాను. ఆవిడని అడగలేదు. కింద ఆవిడ సంతకం పెట్టింది, నేను రాశాను కాబట్టి చదవకుండా పెట్టింది. నా విషయంలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

నెల తరవాత ఒక మధ్యాహ్నం కొట్టుకి వెళ్తే గుమ్మంలోనే పప్పు వాసన. లోపల, పాత చీరల ర్యాకుల వెనక, గ్యాస్ పొయ్యి మీద కుక్కర్ కూర్చుని ఉంది. దాని ఎదురుగా స్టూలు మీద అత్త, పక్కన ఎవరో కొత్త పెళ్లికూతురు, వాళ్లమ్మ. ముగ్గురూ కుక్కర్ వంక చూస్తున్నారు. మూడో విజిల్ వచ్చాక అత్త పొయ్యి కట్టేసి, ఆవిరి పోయేదాకా ఆగి, మూత తీసి చూపించి, మళ్లీ మూసి, పప్పుతో సహా కుక్కర్ని ఆ పిల్ల చేతిలో పెట్టింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదట.

వాళ్లు వెళ్లాక నేను అరిచిన అరుపులకి నూకరత్నం మిషను ఆపేసింది. చుట్టూ ఎండు బట్టలు, నడి మధ్యలో మంట. నేనేమో వంట లేదని రాసి ఉన్నాను. అత్త అంతా విని, వాడిన కుక్కర్ అమ్మాలంటే పప్పు వండి చూపించాల్సిందే అంది. హాస్టల్లో పనిచేసేటప్పుడు ఒక పాత కుక్కర్ మూత ఎగిరి వంటమనిషి మోచెయ్యి కాలింది. ఆ కుక్కర్ కొన్నది తనే. అప్పట్నుంచీ తన కళ్లెదుట మూడు విజిళ్లు వేయని కుక్కర్ని ఎవరింటికీ పంపనని పట్టు. పోనీ ఇంట్లో వండి తీసుకురా అన్నాను. కొనేవాళ్లు చూడాలి, చూస్తేనే నమ్మకం అంది. అలాంటి ప్రమాదాలకి వేరే పాలసీ ఉంది, నువ్వమ్మిన వస్తువు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ కడుతుంది, అది కూడా తీసుకో అని చెప్పాను.

"నీ కాయితం కాలింతరవాత డబ్బులిత్తాది. నా పప్పు కాలకుండా సూత్తాది. కాలిన సెయ్యికి పాలసీ ఉందని తెలిసిందనుకో, రేపట్నుంచి నేను పప్పు వండడం మానేత్తానేమోరా. నాకదీ బయ్యం" అంది.

ఏజెంటుగా ఇన్నేళ్లలో నాకు ఎవరూ అలాంటి మాట చెప్పలేదు. అందుకని ఇంకా గట్టిగా అరిచాను. పోనీ ఆ పొయ్యి పెరట్లో పెట్టుకుని ఏడువు అన్నాను. "వానొత్తే?" అంది. నేను తలుపు దడాలున వేసి వచ్చేశాను. ఫారం దిద్దుకోవాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలి, పొయ్యి ఉందని చెబితే కంపెనీ ఒప్పుకోదు. ఏమవుతుందిలే అని ఆ "లేదు"ని అలాగే వదిలేశాను. ఊరందరికీ ఏమైనా అవుతుందని చెప్పి బతికేవాణ్ని నేను.

రెండేళ్ల కిందట ఒక ఉదయం ముందు గదిలో స్విచ్చిబోర్డు దగ్గర వైరు అంటుకుంది. పొయ్యికీ దానికీ సంబంధం లేదు. చీరల ర్యాకులు రెండు కాలిపోయాయి, మార్కెట్ కూలీలు నీళ్లు, ఇసుక పోసి ఆర్పేసరికి మిగిలిన సగం బట్టలు తడిసి మసి పట్టాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అత్త గొంగట్లో చుట్టిన కుట్టుమిషన్ని కౌగిలించుకుని రోడ్డు మీద నిలబడి ఉంది.

నష్టం లెక్కగట్టడానికి కంపెనీ తరఫున సర్వేయర్ వస్తున్నాడని తెలిసిన సాయంత్రం నేను పొయ్యి, సిలిండరు, పప్పు డబ్బా నా స్కూటర్ మీద మా ఇంటికి చేరవేశాను. గోడకున్న మసి గీకి సున్నం కొట్టాను. అత్తకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు.

పొద్దున్న సర్వేయర్ కాలిన ర్యాకులన్నీ చూసి, రాసుకుని, వెనక గదిలోకి వచ్చాడు. నెమ్మదైన మనిషి. గోడ వంక కాసేపు చూసి, "అమ్మా, ఇక్కడ వంట చేస్తారా?" అని అడిగాడు. అత్త ఆ గోడ చూసింది. పొయ్యి ఉండే చోటు చూసింది. తరవాత నా మొహం చూసింది. నేను కళ్లతో బతిమాలాను.

"సేత్తాను బాబూ. కుక్కర్లు అమ్మేముందు పప్పు వండి సూపిత్తాను. మొన్న మంటలు సూసి బయ్యమేసి పొయ్యి నేనే తీయించేసేను. ఈ అల్లుడు మోసేడంతే" అంది.

క్లెయిమ్ పోయింది. ఫారంలో లేదని రాసి ఉంది, కొట్టులో ఉంది, అంతే. అత్తకి అప్పుడు తెలిసింది ఆ గడిలో నేనేం రాశానో. ఎందుకు చెప్పావు, అడిగినదానికి తల అడ్డంగా ఊపితే నీ కొట్టు నిలబడేది కదా అని నేను నిలదీస్తే, చాలా మెల్లగా అంది. "నా సంతకం కింద నీ అబద్దముంది. దాని కింద ఇంకోటెందుకురా?"

నేను ఆవిడతో మాట్లాడడం మానేశాను. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో కొట్టు కాలిందని తెలిసి ఊరు ఊరంతా సామాన్లు తెచ్చి పడేసింది. ఊరి మంచితనం గురించి రాయాలని ఉంది గానీ, వచ్చినవేమిటో కూడా చెప్పాలి కదా. ఒంటి చెప్పులు, రెక్కల్లేని ఫ్యాన్లు, ముక్కు విరిగిన బొమ్మలు, ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టు. ఈవిడ ఒక్కటీ కాదనలేదు. నూకరత్నం నా దగ్గరికి వచ్చి, మీరైనా చెప్పండి బాబూ, కూర్చోడానికి చోటు లేదు అని మొరపెట్టుకుంది. మాట్లాడని మనిషికి ఏం చెప్పను?

ఆ సర్వేయర్ మళ్లీ నాకు స్టేషన్ దగ్గర టీ కొట్లో కనిపించాడు. పలకరించి, టీ చెప్పి, నేను అడక్కుండానే చెప్పాడు. గోడకి సున్నం ఇంకా తడారలేదట. ఏజెంటు సాక్ష్యం దాచాడని రిపోర్టులో రాయడానికి సిద్ధమయ్యే అడిగాడట. రాసి ఉంటే నా ఏజెన్సీ ఆ నెలలోనే పోయేది. "మీ అత్తగారు పొయ్యి తీయించింది తనేనని చెప్పారు. అది అబద్ధమని నాకు తెలుసు. కానీ కొట్టు ఆవిడది, మాట ఆవిడది. నేనది రాసుకున్నాను" అన్నాడు.

టీ అలాగే వదిలేసి కొట్టుకి వెళ్లాను. పోయినాయన చొక్కా అని చెప్పకుండా చొక్కా అమ్మలేని మనిషి, నా కోసం ఒక ప్రభుత్వ లైసెన్సున్న సర్వేయర్ మొహం మీద అబద్ధమాడింది. దాని గురించి ఒక్క మాట కూడా ఎత్తకుండా, నాలుగు నెలలు నా అలక భరించింది. నేను వెళ్లేసరికి కట్టుడు పళ్ల సెట్టుని వేడినీళ్లలో కడుగుతోంది. నన్ను చూసి, తిన్నావా అంది. నేను క్షమాపణ చెప్పలేదు. దాన్నెవడు కొంటాడే అని తిట్టాను. ఆవిడ నవ్వింది. మేమిద్దరం అలాగే రాజీ పడ్డాం.

కానీ పాలసీ మళ్లీ కుదర్లేదు. ఏటా నేను ఫారం పట్టుకెళ్లడం, ఆ గడి దగ్గర ఆవిడ ఆగిపోవడం. లేదని రాయనివ్వదు, ఉందని రాస్తే కంపెనీ పుచ్చుకోదు. గొడౌన్ యజమాని మంచివాడే, రెండేళ్లు ఊరుకున్నాడు. ఈ ఏడు పక్క గొడౌన్లవాళ్లు గొడవ పెట్టారు. పాలసీ లేని కొట్టు అంటుకుంటే తమకి దిక్కెవరని. ఆయన నన్ను పిలిచి, నెలాఖరుకి పాలసీ కాయితం చూపించండి, లేదంటే ఖాళీ చేయించాల్సి వస్తుంది, నన్ను తప్పు పట్టకండి అన్నాడు. అందుకే ఆ ఫారం తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. ఆ గడి ఖాళీగా వదిలి, నీ ఇష్టం, ఏదో ఒకటి రాసి సంతకం పెట్టు అన్నాను. తరవాత నా పనుల్లో పడి ఆ సందు వైపు వెళ్లలేదు. వెళ్తే మళ్లీ గొడవ పడతామని కూడా వెళ్లలేదు.

కర్మ నేనే చేశాను. పదకొండో రోజు కార్యం అయిన మర్నాడు కొట్టు తాళం తీశాం. నెలాఖరుకి వారం ఉంది. ఆవిడే లేకపోయాక ఎవరి సంతకంతో పాలసీ అడగాలి? ఖాళీ చేయడమే మిగిలిందనుకుని, సామాన్లు ఎలా తరలించాలా అని చూస్తున్నాను. నూకరత్నం సొరుగు లాగి, "ఇది మీకిమ్మంది బాబూ. ఒచ్చినప్పుడు ఇద్దారిలెమ్మని ఉంచేను, అంతట్లోకే అయిపోయింది" అంటూ ఫారం చేతిలో పెట్టింది.

అన్ని గడులూ నింపి ఉన్నాయి. హాస్టల్ రిజిస్టర్లు రాసిన గుండ్రటి అక్షరాలు. వ్యాపారం దగ్గర, మనుషులు వాడి వదిలేసినవి అని మళ్లీ అదే. నిప్పు వాడతారా అన్న గడి ఆవిడకి చాలలేదు, పక్క మార్జిన్లోకి పోయి రాసింది. "కొట్టు లోపల లేదు. పెరట్లో ఉంది. రేకుల కింద. బట్టలకి పద్దెనిమిది అడుగుల దూరం, నూకరత్నం టేపుతో కొలిచాం. కుక్కర్ అమ్మే రోజున మాత్రమే. కందిపప్పు. మూడు విజిళ్లు అయ్యాక కట్టేస్తాం. పక్కన ఇసుక బకెట్టు ఉంది."

పెరట్లోకి పరిగెత్తాను. ఎవరో పడేసిన రేకులు నాలుగు, పాత మంచం కోళ్ల మీద నిలబెట్టి, కింద ఇటుకల గట్టు, గట్టు మీద పొయ్యి. పక్కన ఎర్ర రంగు పూసిన బకెట్లో ఇసుక. ఆ ఎరుపు కూడా ఎవరో వదిలేసిన డబ్బాలోదే అయి ఉంటుంది. నేను కోపంలో విసిరిన మాటని ఇన్నేళ్లు పట్టుకుని కూర్చుని, చివరికి వానకి జవాబు ఆలోచించి, చెప్పాపెట్టకుండా కట్టించింది. అప్పుడే కడితే ఏం పోయింది? నాలుగేళ్ల ముందు కడితే ఆ క్లెయిమ్ వచ్చేది, నా బీపీ ఇంతయ్యేది కాదు. అక్కడే నిలబడి పైకే తిట్టాను. నూకరత్నం పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

మళ్లీ ఫారం చూశాను, సంతకం కోసం. లేదు. ఇంత రాసి ఆ ఒక్క గీత గీయడానికి చేతులు రాలేదా అనుకుంటూ ఫారం పై గడులు చూస్తే, కొట్టు యజమాని పేరు గడిలో నా పేరు ఉంది. వయసు రెండేళ్లు ఎక్కువ వేసింది. చిరునామా మా ఇంటిది. నన్ను ఒక్క మాట అడగలేదు. టిఫిన్ సెంటర్లో నిలబడి ఏ సంతకం కోసం ఆవిడని తిట్టుకున్నానో, అది ఆవిడ పెట్టాల్సిందే కాదు.

అప్పుడే గుమ్మంలో ఎవరో పిలిచారు. రాంబిల్లి నుంచి వచ్చిన ఒకావిడ, ఖాళీ చేపల గంప చంకనెత్తుకుని, బట్టలకి దూరంగా నిలబడి ఉంది. మూడు వారాల కిందట చూసి పెట్టుకున్న కుక్కర్ కావాలంది. అత్త పోయిన సంగతి ఆవిడకి తెలియదు. నూకరత్నం చెబితే గంప కింద పెట్టింది. తరవాత, "మరి పప్పు?" అంది.

ఇచ్చేయనా, ఈ ఒక్కటీ అలాగే ఇచ్చేస్తే ఏం అని నూకరత్నం నా వంక చూసింది. ఇరవై ఏళ్లుగా కొట్లలో నిప్పు వద్దని ఊరూరా తిరిగి చెప్పేవాణ్ని, నేనే వెళ్లి పొయ్యి వెలిగించాను. నీళ్లు ఎక్కువ పోశాను, ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. ముగ్గురం రేకుల కింద నిలబడి కుక్కర్ వంక చూశాం. మొదటి విజిల్ వచ్చేసరికి ఇసుక బకెట్టు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. రెండోది వచ్చేసరికి ఫారం మోకాలి మీద పెట్టుకుని ఆ మార్జిన్లో రాసినదంతా ఇంకోసారి చదివాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నేను ఇలా చేస్తూ ఉన్నంతకాలం ఉండదు. మూడోది వచ్చాక పొయ్యి కట్టేసి, సంతకం పెట్టాను. వయసు దిద్దలేదు.

బ్రాంచివాళ్లు మనిషిని పంపి రేకులు, దూరం, బకెట్టు అన్నీ చూపించుకుని, ప్రీమియం కొంచెం పెంచి ఒప్పుకున్నారు. పాలసీ కాయితం ఇప్పుడు ఆ తాళంచెవుల మేకు పక్కనే వేలాడుతోంది. ఇక మీదట ఆ కొట్టుకి వచ్చే ఒంటి చెప్పులూ, కట్టుడు పళ్లూ, చీమలూ అన్నీ నావే. అత్తా, నువ్వు చేసిన పని నాకు నచ్చలేదని ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను. నువ్వు లేవని మాత్రం ఇంకా నమ్మకం కుదరడం లేదు.

ఆ రోజు ఆవిరి పోయాక మూత తీసి చూపిస్తే, రాంబిల్లి ఆవిడ గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని రుచి చూసింది. ఉప్పు లేదంది. అయినా బేరమాడి, తగ్గించుకుని, కొనుక్కుంది. నూకరత్నం కుక్కర్ని పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది. ఆవిడ ఆటో ఎక్కి, గంప కాళ్ల దగ్గర పెట్టుకుని, కుక్కర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. మార్కెట్ మలుపు తిరిగేదాకా చూశాను. గతుకు వచ్చినప్పుడల్లా, పప్పు ఒలికిపోకుండా, ఆ వేడి మూత మీద చెయ్యి వేసి పట్టుకుంటోంది.